వీడియో పోకర్: ముందు పే టేబుల్, తర్వాతే పర్సు

మేం ఉండేది హెండర్సన్‌లో. లాస్ వెగాస్ పక్కనే కాబట్టి లాంగ్ వీకెండ్ వస్తే డాలస్ నుంచో బే ఏరియా నుంచో చుట్టాలు దిగుతారు. వాళ్లకి నేను చెప్పే మాట ఒకటే: ఆడి తీరాలనుకుంటే స్లాట్లు వదిలేసి వీడియో పోకర్ ఆడండి, అందులోనూ జాక్స్ ఆర్ బెటర్, అంటే జాకీల జత నుంచి పైకి ఏది పడినా డబ్బిచ్చే రకం. మెషీన్ అయిదు ముక్కలు పంచుతుంది, కావలసినవి ఉంచుకుని మిగతావి ఒకసారి మార్చుకోవచ్చు. అలా ఒక్కసారి ఆడితే ఒక చెయ్యి. డబ్బులొస్తాయని కాదు, ఎంత పోతుందో ముందే లెక్క తెలుస్తుందని.

స్లాట్ మెషీన్ ఎంత శాతం మిగుల్చుకుంటుందో బయటికి కనపడదు. వీడియో పోకర్‌లో కనపడుతుంది. తెర మీద పేకముక్కలు చూపిస్తే, అవి నిజం పేకలో పడినట్టే పడాలని నెవాడా నిబంధన. 52 ముక్కల్లో ప్రతిదానికీ సమాన అవకాశం ఉంటుంది. కాబట్టి దేనికెంత ఇస్తారో తెలిస్తే మిగతాది గుణకారమే.

తెర మీద ఉండే పే టేబుల్‌లో, అంటే దేనికెంత ఇస్తారో చూపే పట్టికలో, మీరు చూడాల్సింది రెండే వరసలు, ఫుల్ హౌస్ (మూడు ఒక అంకెవి, రెండు ఇంకో అంకెవి), ఫ్లష్ (అయిదూ ఒకే గుర్తువి). ఒక్క కాయిన్ కాలమ్‌లో అవి 9, 6 అని ఉంటే, అయిదేసి కాయిన్లు పెట్టి ప్రతి చేతినీ సరిగ్గా ఆడితే పెట్టినదాంట్లో సగటున 99.54 శాతం తిరిగొస్తుంది. 8, 5 అయితే 97.30. 6, 5 అయితే 95. ఆట అదే, బొమ్మలు అవే, ఒకే హాల్లో పక్కపక్కనే ఉంటాయి కూడా. పెద్ద పెద్ద కాసినో హోటళ్లుండే స్ట్రిప్ రోడ్డు మీదకంటే ఊళ్లోవాళ్లు వెళ్లే కాసినోల్లో మంచి టేబుల్ దొరికే అవకాశం ఎక్కువ. నేనైతే కూర్చునే ముందు హాలంతా ఒక చుట్టు తిరుగుతాను. మా ఆవిడకి అది చాదస్తం.

ఈ శాతాల్ని డాలర్లలోకి మార్చండి. క్వార్టర్ (పావు డాలర్) మెషీన్ మీద అయిదు కాయిన్లంటే చేతికి 1.25 డాలర్లు. గంటకి 600 చేతులు ఆడితే మెషీన్‌లో 750 డాలర్లు తిరుగుతాయి. 9/6 మీద సగటు నష్టం గంటకి మూడున్నర డాలర్లు. 8/5 మీద ఇరవై. 6/5 మీద ముప్పై ఏడున్నర.

మూడున్నర అనగానే సంబరపడకండి. ఆ 99.54లో దాదాపు 2 శాతం రాయల్ ఫ్లష్‌దే (ఒకే గుర్తులో పది నుంచి ఆసు దాకా), అది సగటున 40 వేల చేతులకి ఒకసారి వస్తుంది. రాయల్ రాని గంటలో, అంటే మీరు ఆడబోయే దాదాపు ప్రతి గంటలో, 9/6 మీద కూడా సగటున పద్దెనిమిది డాలర్లు పోతాయి. అదీ సగటే, దానికి అటూ ఇటూ అరవై డాలర్లు ఊగడం మామూలు విషయం.

మా బావ ఈ రాయల్ దగ్గరే వాదనకి దిగుతాడు. "ఇంతసేపు ఇవ్వలేదు కాబట్టి ఇప్పుడు ఇస్తుంది" అంటాడు. మెషీన్‌కి గతం గుర్తుండదు బావా! 40 వేల చేతులు ఆడినవాళ్లు వందమంది ఉంటే, వాళ్లలో సుమారు 37 మందికి ఒక్క రాయల్ కూడా పడదు.

ఇక చేతిలో డబ్బు సంగతి. ట్రిప్ మొత్తానికి పోయినా ఫర్వాలేదనుకునే మొత్తాన్ని ఇంట్లోనే తేల్చుకుని, రోజుకొక కవరు చేసుకోండి. క్వార్టర్ మెషీన్‌కి గంటకి వంద డాలర్లు పెట్టుకుంటే 9/6 మీద చాలాసార్లు గంట గడుస్తుంది, ప్రతిసారీ కాదు. కవరు ఖాళీ అయితే ఆ రోజుకి ఆట అయిపోయింది. ఏటీఎం కార్డు గదిలో లాకర్‌లో పెట్టి రండి. క్రెడిట్ కార్డు మీద క్యాష్ తీయడం అసలు వద్దు, ఆ ఫీజూ వడ్డీల నష్టాన్ని ఏ పే టేబులూ పూడ్చలేదు.

అయిదు కాయిన్లు ఎందుకంటే, ఒక్క కాయిన్‌కి రాయల్ 250 ఇస్తుంది, అయిదు పెడితే 4,000. కాయిన్‌కి 800 అన్నమాట. బడ్జెట్ తక్కువైతే మాత్రం ఇక్కడొక చిక్కుంది. క్వార్టర్ 9/6 మీద ఒక్క కాయిన్ పెట్టినా దాదాపు 98.4 శాతం వస్తుంది. నికెల్ (అయిదు సెంట్ల) మెషీన్‌లో అయిదు కాయిన్లూ అదే పావు డాలర్, కానీ అక్కడి టేబుల్ 8/5 అయితే 97.30 దగ్గరే ఆగిపోతుంది. అంటే ఇక్కడ కూడా ముందు ఆ రెండు వరసలే చూడాలి.

ఖర్చు తగ్గించే ఇంకో దారి నెమ్మదిగా ఆడటం. మా పిన్ని విజయవాడ నుంచి వచ్చినప్పుడు ఒక్కో ముక్కనీ కళ్లజోడు సవరించుకుని చూసి, ఆలోచించి, అప్పుడు నొక్కుతుంది. గంటకి 300 చేతులు కూడా దాటవు. మా అందరిలో తక్కువ పోగొట్టుకునేది ఆవిడే.

ఏ ముక్కలు ఉంచుకోవాలన్నదానికి పూర్తి పట్టిక ఉంది. కాసినో గిఫ్ట్ షాపుల్లో కార్డుగా అమ్ముతారు, దాన్ని చూస్తూ ఆడినా ఎవరూ ఏమీ అనరు. మనవాళ్లు ఎక్కువగా తప్పేవి మాత్రం చెబుతాను. చిన్న జత, అంటే రెండు అయిదుల్లాంటివి, పక్కన ఆసు ఉన్నా సరే, జతే ఉంచి ఆసు పారేయండి. జతతోపాటు ఆసుని కూడా పట్టుకోవడం ఇంకా నష్టం, జతని మెరుగుపరిచే ఒక ముక్కని వదులుకున్నట్టే. ఒకే గుర్తువి నాలుగు ముక్కలుంటే చిన్న జతని వదిలేయొచ్చు, జాకీల జతనో అంతకంటే పెద్దదాన్నో వదలకూడదు. ఆసు, రాజు, రాణి, జాకీ, నాలుగు అంకె ముక్క అన్నీ ఆఠీన్లే వచ్చి ఫ్లష్ పూర్తయిందనుకోండి. ఆ నాలుగు అంకె ముక్కని పారేసి రాయల్ కోసం వెళ్లాలి. ఫ్లష్‌కి ఆరు వస్తుంది, ఈ పందెం విలువ సగటున పద్దెనిమిది పైనే. చేతిలో ఉన్నది పారేయమంటే మా పిన్నికి ప్రాణం ఒప్పదు.

డాలర్ మెషీన్‌లో రాయల్ 4,000 డాలర్లు. అది పడితే మెషీన్ లాక్ అయి, అటెండెంట్ పన్ను కాగితంతో వస్తాడు, ఐడీ అడుగుతాడు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకైతే అందులో 30 శాతం అక్కడే కోస్తారు, కాబట్టి పాస్‌పోర్ట్ దగ్గరుంచుకోమనండి. ఇండియా తిరిగెళ్లాక ఫోన్లో డబ్బు పెట్టి ఆడే యాప్‌ల జోలికి వెళ్లొద్దని కూడా చెప్పండి, 2025 చట్టం వాటిని దేశమంతా నిషేధించింది. లేచేటప్పుడు మెషీన్ ఇచ్చే చీటీని అప్పుడే నగదు చేసుకోండి, దానికి గడువుంటుంది.