అమెజాన్ మీసాల పురుగు ఫొటో చేతికొస్తే పేరు పట్టేదెలా

మామిడి తోట ఉన్నోళ్లకి ఈ పురుగుల కుటుంబం కొత్తేం కాదు. చెట్టు మొదట్లో రంపప్పొట్టు లాంటిది రాలుతుంటే కన్నం వెతికి, ఇనప ఊచ దూర్చి లోపలి తెల్ల పురుగుని లాగి, పెట్రోల్లో ముంచిన దూది కుక్కి మట్టితో మెత్తేస్తారు కదా, ఆ పురుగు పెద్దదయ్యాక పొడుగు మీసాలతో బయటికొచ్చేదే బాటోసెరా రూఫోమాక్యులాటా. దీని ఫ్యామిలీ పేరు సెరాంబిసిడే, ఇంగ్లీషోళ్లు లాంగ్‌హార్న్ అంటారు. ప్రపంచం మొత్తం మీద 35 వేలకి పైనే జాతులున్నాయి, అందులో 8 వేలకి పైన ఒక్క నియోట్రాపిక్స్‌లోనే, అంటే మెక్సికో వేడి ప్రాంతాలు మొదలు కరీబియన్ దీవులు, సెంట్రల్ అమెరికా, కింద చిలీ అర్జెంటీనా కొసదాకా.

నేను ఇంట్లో కూర్చుని ఐనాచురలిస్ట్‌లో, అంటే జనం పురుగులూ మొక్కల ఫొటోలు పెట్టే సైట్‌లో, ఆ వైపు ఫొటోలకి పేర్లు పెడుతుంటా, అదో పిచ్చి. మొదట్లో ఒక పెరూ ఫొటోని రెండ్రోజులు కందిరీగ అనే అనుకున్నా, నడుము సన్నం, రెక్కలు బయటికి కనపడుతున్నాయి, పసుపు నలుపు చారలు, ఇంకేం కావాలి అనుకున్నా. తీరా ఒకాయన కామెంట్‌లో కంటి దగ్గర జూమ్ చేసి చూడమన్నాడు, చూస్తే అది రైనోట్రాజిని అనే గుంపు లాంగ్‌హార్న్, పైపెంకులు కురచైపోయి కింద రెక్కలు బయటపడ్డాయి, అంతే. అప్పట్నుంచి నా రూలు ఒకటే, రంగు ఆఖర్న చూడాలి. ముందు కన్ను, తర్వాత మొహం, తర్వాత ఊరు.

కన్ను ఎందుకంటే, వీటిలో ఎక్కువ వాటికి కన్ను గుండ్రంగా ఉండదు, జీడిపప్పులా వంపు తిరిగి ఆ వంపులోంచి మీసం మొలిచినట్టుంటుంది. మీసం పొడుగు ఒక్కటే చూస్తే బోల్తా పడతారు, పరాండ్రినే అనే సబ్‌ఫ్యామిలీకి మీసాలు పొట్టి, నున్నగా చెక్కకి పాలిష్ కొట్టినట్టుంటాయి, ఎవరూ లాంగ్‌హార్న్ అనుకోరు. కాళ్లు క్లియర్‌గా పడితే పాదం గణుపులు లెక్కపెట్టండి, నాలుగే కనపడతాయి, నిజానికి ఐదు, నాలుగోది చిన్నగా మూడోదాని రెండు చీలికల మధ్య దాక్కుని ఉంటుంది (పరాండ్రినేలో మాత్రం ఐదూ తేలిగ్గానే కనపడతాయి). ఆకులు తినే క్రైసోమెలిడే పురుగులకీ ఇదే పాదం కాబట్టి పాదం ఒక్కదాంతో తీర్పు చెప్పేయకండి.

ఇక మొహం. ఇక్కడే సగం పని అయిపోతుంది కాబట్టి పక్కనుంచి తీసిన ఫొటో ఒక్కటైనా అడగండి, జనం అందరూ పైనుంచే తీస్తారు అదేంటో. పక్కనుంచి చూస్తే తల దించుకున్న గొర్రెలాగా మొహం నిలువుగా కిందకి, ఒక్కోసారి ఇంకా లోపలికి వాలి ఉంటే అది లామినే అనే సబ్‌ఫ్యామిలీ. మొహం ఏటవాలుగా ముందుకి సాగి ఉంటే సెరాంబిసినే అనే ఇంకో సబ్‌ఫ్యామిలీ అయ్యే ఛాన్సు ఎక్కువ. డౌటుంటే నోటి దగ్గర చిన్న చిన్న తడుముకునే కాడలుంటాయి, పాల్ప్స్ అంటారు, వాటి చివరి గణుపు సూదిగా ఉంటే లామినే, కత్తిరించినట్టు మొండిగా ఉంటే సెరాంబిసినే. నియోట్రాపిక్స్‌లో మీ చేతికొచ్చే ఫొటోల్లో చాలా మటుకు ఈ రెండే.

మిగిలినవాట్లో ప్రయోనినే అంటే పెద్ద సైజువి, గోధుమరంగువి, రాత్రి లైటుకి వచ్చేవి, తలకీ రెక్కలకీ మధ్య కవచం పక్కంచు పదునుగా ఉండి తరచుగా ముళ్లుంటాయి. టైటానస్ జైగాంటియస్ ఇందులోదే, 16 సెంటీమీటర్లు దాటే పురుగు, ఫ్రెంచ్ గయానా నుంచి ఫొటో వచ్చి పక్కన అరచెయ్యి పెడితే చెయ్యే చిన్నదిగా కనపడుతుంది. లెప్టూరినే అయితే భుజాలు వెడల్పు, వెనక్కి సన్నబడుతూ పోతుంది, మెక్సికో సెంట్రల్ అమెరికాల్లో బానే దొరుకుతాయి గానీ దక్షిణానికి పోయేకొద్దీ పల్చబడతాయి, స్ట్రాంగాలియా, యూరిప్టెరా లాంటి కొన్నే కిందకి దిగాయి.

సబ్‌ఫ్యామిలీ తేలాక ట్రైబ్, అంటే దాని కిందుండే చిన్న గుంపు. ఇక్కడ రూపం కంటే ఒక్కోసారి పనే పట్టిస్తుంది. ఆన్సిడెరిస్ అని ఒక జీనస్ (ట్రైబ్‌కి కింద, దగ్గరి జాతుల గుంపు) ఉంది లామినేలో, ఆడది కొమ్మ చుట్టూ ఉంగరంలా నములుతుంది, కత్తితో గీసినట్టే, ఆ పైన ముక్కలో గుడ్లు పెడుతుంది, కొమ్మ ఎండి విరిగి కింద పడుతుంది, పిల్లలు ఆ ఎండు కట్టెలో పెరుగుతాయి. ఎందుకంటే పచ్చి కొమ్మలో అవి బతకలేవు. ఫొటోలో పురుగు మసగ్గా ఉన్నా పక్కన ఆ ఉంగరం గాటు కనపడితే ముందు ఆన్సిడెరిని ట్రైబ్‌లో వెతకడం మొదలెట్టండి. (మన దగ్గర గులాబీ, ద్రాక్ష కాడలకి ఇలాగే చుట్టూ కొరికేది స్థెనియాస్ గ్రైసేటర్, అదీ లామినేనే, పెరట్లో గులాబీ కొమ్మ పైభాగం ఉన్నట్టుండి వాడిపోతే కింద ఓసారి చూడండి.)

మిగతా ట్రైబ్‌లు గబగబా చెప్పేస్తా. మెరిసే ఆకుపచ్చ, పొడుగు కాళ్లు, పట్టుకుంటే వాసన ఉంటే కాలిక్రోమాటిని. పగలు తిరిగే రంగురంగుల నున్నటివి, రెక్కల మొదట్లో త్రికోణం బాగా పెద్దగా ఉంటే ట్రాకిడెరిని. బెరడు మీద నాచులాగా కలిసిపోయిన చిన్నవైతే అకాంథోసినిని, ఇది మహాసముద్రం, ఇందులో జీనస్ దాకా వెళ్లినా గొప్పే. పలచటి నారింజ రంగు లైసిడ్ పురుగుల్లా (అవి వేరే ఫ్యామిలీ) వేషం వేసుకున్నవి చాలా మటుకు హెమిలోఫిని, కానీ వేషం వేసేవి వేరే గుంపుల్లోనూ ఉన్నాయి, మళ్లీ మొహం దగ్గరికే రావాలి.

ఒక్క పురుగుకి మాత్రం ఈ తతంగం అక్కర్లేదు, అక్రోసైనస్ లాంగిమానస్. నలుపు మీద ఎరుపు, పసుపు కలిసిన ఆకుపచ్చ ముగ్గు, మగదాని ముందుకాళ్లు ఒంటి కంటే పొడుగు, మెక్సికో నుంచి ఉత్తర అర్జెంటీనా దాకా ఉంటుంది, ఆ జీనస్‌లో ఇదొక్కటే. దీని రెక్కల కింద సూడోస్కార్పియన్లు అనే బుల్లి బుల్లి తేళ్ల లాంటివి బస్సెక్కినట్టు ఎక్కి ఒక కుళ్లిన మాను నుంచి ఇంకో మానుకి వెళ్తాయి, ఫొటోలో రెక్కలు విచ్చుకుని ఉంటే జూమ్ చేసి చూడండి, దొరికితే ఆ రోజు పండగే.

ఇప్పుడు ఊరు. చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, నా లెక్కలో తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. లేబుల్ మీద సాంటా క్రూజ్ అని ఉందనుకోండి, బొలీవియాలో సాంటా క్రూజ్ ఉంది, అక్కడ లాంగ్‌హార్న్‌లు కుప్పలు, అర్జెంటీనా అడుగున చలిగాలి కొట్టే సాంటా క్రూజ్ రాష్ట్రం ఉంది, గాలపాగోస్‌లో సాంటా క్రూజ్ దీవి ఉంది. ట్రినిడాడ్ అంటే మన క్రికెట్ ట్రినిడాడే అనుకుంటాం, బొలీవియాలోనూ ఆ పేరుతో ఊరుంది. కోకో తోటల్ని తొలిచే స్టెయిరాస్టోమా బ్రెవే గురించి చదువుతుంటే వచ్చేది మాత్రం దీవి ట్రినిడాడే. పాత మ్యూజియం లేబుళ్లు ఇంకా తమాషా. హెన్రీ వాల్టర్ బేట్స్ 1848 నుంచి 1859 దాకా అమెజాన్‌లో తిరిగి పురుగులు పట్టాడు, ఆయన లేబుల్ మీద ఈగా అని ఉంటే అది ఇప్పటి టెఫే, పారా అంటే చాలాసార్లు బెలేం ఊరు. పాత కొలంబియా లేబుల్ అయితే పనామా కూడా అందులో ఉండొచ్చు, 1903 దాకా రెండూ ఒకటే దేశం.

ఊరు తేలాక మ్యాప్ తెరిచి మధ్యలో ఏం అడ్డముందో చూడండి. ఆండీస్‌కి పడమటి వైపు చోకో అడవి, తూర్పు వైపు అమెజాన్, మధ్యలో అంత కొండ ఉన్నప్పుడు రెండు వైపులా ఒకే జాతి అని రాసే ముందు ఆగాలి. బ్రెజిల్‌లో అమెజాన్‌కీ అట్లాంటిక్ తీరపు అడవికీ మధ్య కాటింగా, సెరాడో, చాకో అని ఎండు నేల ఏటవాలుగా పట్టీలాగా ఉంది, అదీ ఒక గోడే. సెంట్రల్ అమెరికాలో దొరికిన మాక్రోడోంటియా జీనస్ పురుగుని చూడగానే అందరూ ఫేమస్ అయిన సెర్వికార్నిస్ జాతి అని కొట్టేస్తారు, అక్కడ ముందు చూడాల్సింది బేట్సీ జాతి. చిలీ మరీ వేరే లోకం, అక్కడి నోథోఫాగస్ చెట్ల మీద ఉండే కెలోడెరస్ చిల్డ్రెనీ మెరుపు చూసి ఏ బ్రెజిల్ జీనస్‌లోనో వెతికితే దొరకదు, దాన్ని ఇప్పుడు ఆక్సిపెల్టిడే అని విడి ఫ్యామిలీలో పెట్టారు. బ్రెజిల్‌లో చెరకు వేళ్లు తినే మిగ్డోలస్ ఫ్రయానస్ కూడా పాత పుస్తకాల్లో సెరాంబిసిడే, ఇప్పుడు వెస్పెరిడే. అక్కడి నీలగిరి (యూకలిప్టస్) తోటల్లో దొరికింది ఫొరకాంథా సెమిపంక్టాటా అయితే అది అసలు ఆ ఖండపుదే కాదు, ఆస్ట్రేలియా సరుకు.

జీబిఫ్ అని ఏ జీవి ఎక్కడ దొరికిందో రికార్డులు చూపించే సైట్ ఉంది, దాని మ్యాప్‌లో చుక్కలున్నాయి కదా అని సంబరపడకండి. ఆ చుక్కలు పురుగు ఉండే చోటు ఎంత చెప్తాయో మనిషి లైటు పెట్టిన చోటు అంతే చెప్తాయి, అమెజాన్‌లో అయితే నదులు, రోడ్లు, మనౌస్ లాంటి ఊళ్ల చుట్టూ దండ గుచ్చినట్టుంటాయి, మధ్యలో ఖాళీ అంటే పురుగు లేదని కాదు. చుక్క సరిగ్గా దేశం నడిబొడ్డున ఉన్నా, ఆఫ్రికా పక్కన సముద్రంలో సున్నా సున్నా దగ్గరున్నా అది సరైన చోటు తెలీక కంప్యూటర్ పెట్టిన చుక్క.

పేరు రాసేటప్పుడు బ్రాకెట్ చూడండి. అక్రోసైనస్ లాంగిమానస్ (లిన్నేయస్, 1758) అని, పేరు పెట్టినాయనా ఏడాదీ బ్రాకెట్లో ఉంటాయి, ఎందుకంటే లిన్నేయస్ మొదట పెట్టింది సెరాంబిక్స్ లాంగిమానస్ అని, తర్వాత జీనస్ మారింది. బ్రాకెట్ లేకపోతే ఇప్పుడున్న జీనస్‌లోనే పుట్టిందన్నమాట. పాత పేరుతో వెతికితే సగం రికార్డులే వస్తాయి కాబట్టి ముందు కేటలాగ్‌లో ఇప్పటి పేరు, పాత పేర్లు రెండూ రాసుకోండి. మిగుయెల్ మొన్నే అని రియో డి జనీరో నేషనల్ మ్యూజియంలో పనిచేసినాయన తయారుచేసిన కేటలాగులు ఈ ప్రాంతానికి ఆధారం, లారీ బెజార్క్ పెట్టిన ఫొటో కేటలాగ్‌లో చాలా వాటికి టైప్ స్పెసిమెన్ ఫొటోలే ఉంటాయి, అంటే ఆ పేరు ఏ పురుగు మీద పెట్టారో అదే పురుగు. ఆ ఫొటోల విలువ 2018 సెప్టెంబర్ 2న తెలిసింది, ఆ రాత్రి రియో మ్యూజియం తగలబడి పురుగుల కలెక్షన్ మొత్తం దాదాపు బూడిదైపోయింది.

ఎవరైనా ఫ్రెండ్ అక్కడికి వెళ్తుంటే ఫొటోలు ఇలా తీయమనండి: పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, మొహం ఎదురుగా ఒకటి, కూర్చున్న చెట్టు ఆకు ఒకటి, పక్కన నాణెమో స్కేలో. చేత్తో పట్టుకుంటే చాలా వాటికి కిచకిచమని సౌండ్ వస్తుంది, మెడ కవచం వెనక భాగానికి రాసుకుని చేసే చప్పుడు, భయపడి వదిలేయక్కర్లేదు. కానీ మీసం చివర తేలు కొండిలా ఉబ్బి కొనదేలి ఉంటే మాత్రం ముట్టుకోవద్దు, అది ఆనికోసెరస్ ఆల్బిటార్సిస్ అయితే నిజంగానే విషంతో కుడుతుంది. బతికున్నా చచ్చినా పురుగుని సంచిలో వేసుకుని రావద్దని కూడా చెప్పండి, బ్రెజిల్‌లో పర్మిట్ లేకుండా పట్టడమే నేరం.

ఇంత చేసినా జీనస్ దగ్గరే ఆగిపోతే అక్కడే ఆపి పోస్ట్ చేసేయండి, పక్కన ఏ గుర్తు చూసి అన్నారో ఒక లైను రాయండి, మొహం నిలువు, పాల్ప్ సూది, బొలీవియా సాంటా క్రూజ్ అని. నాకు ఆ పెరూ ఫొటో కింద కన్ను చూడమని రాసినాయన కూడా ట్రైబ్ దాకానే రాశాడు, జాతి పేరు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.