మధ్యయుగపు ఖడ్గానికి ఒర, నడికట్టు చేయించుకోవడం ఎలా?

ముందుగా ఏ కాలపు ఒర కావాలో తేల్చుకోండి. ఐరోపాలో 13వ శతాబ్దపు యోధులు నడికట్టు పట్టీలను సన్నగా చీల్చి, ఒర తోలుకు పెట్టిన గాట్లలో దూర్చి బిగించేవారు. 14వ శతాబ్దంలో ఒరకు లోహపు పట్టీలు తొడిగి, వాటి కడియాలకు నడికట్టును తగిలించడం వాడుకలోకి వచ్చింది. పనివారికి నోటిమాటగా చెప్పేకంటే ఆధారం చూపించడం మేలు. జర్మనీలోని నౌంబుర్గ్ కెథడ్రల్‌లో ఉన్న ఎక్కెహార్డ్ అనే ప్రభువు శిల్పంలో ఒరకు చుట్టిన నడికట్టు స్పష్టంగా కనిపిస్తుంది. 1275లో మరణించిన కాస్టీల్ యువరాజు ఫెర్నాండో దె లా సెర్దా నడికట్టు స్పెయిన్‌లోని బుర్గోస్‌లో ఆయన సమాధిలోనే దొరికింది.

తరువాత ఖడ్గాన్నే పనివారికి పంపండి. ఒకే నమూనాలో తయారైన రెండు ఖడ్గాలకు కూడా వెడల్పులో, మందంలో స్వల్ప తేడాలుంటాయి కనుక కాగితం మీది కొలతలతో చేసిన ఒర బిగుసుకుపోవచ్చు, వదులు కావచ్చు. పంపే ముందు కొరియర్, కస్టమ్స్ నిబంధనలను తప్పక కనుక్కోండి.

ఒరకు ప్రాణం లోపలి చెక్క. రెండు పలుచని పలకలను అలుగు (పిడి కాక మిగిలిన ఖడ్గభాగం) ఆకారానికి తొలిచి అతికిస్తారు. పాప్లర్ వంటి తేలికపాటి చెక్కను కోరండి. ఓక్ చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం ఉక్కును తుప్పు పట్టిస్తుంది కాబట్టి దానిని ఒప్పుకోకండి. చెక్క మీద నారబట్ట, దాని మీద తడి తోలు సాగదీసి వెనుకవైపు కుట్టిస్తారు. ఆ తోలు ఆరుతూ చెక్కను పట్టేస్తుంది. ఇందుకు చెట్ల బెరడుతో పదును చేసిన తోలే తగినది, ఎందుకంటే క్రోమియం లవణాలతో పదును చేసిన క్రోమ్ తోలు ఇలా ఆకారానికి ఒదగదు. తోలు కప్పకముందే ఫోటోలు పంపమని అడగండి, ఆ తరువాత లోపం సరిదిద్దడం కష్టం. మొనకు తొడిగే పొన్ను ఇత్తడిదా, ఇనుముదా అన్నదీ అప్పుడే తేల్చండి.

నడికట్టు కొలత మాత్రం మీరు ధరించబోయే దళసరి దుస్తుల మీదనే, అది నిలిచే తుంటి దగ్గర తీసుకోండి. కుడిచేతివారైతే ఒర ఎడమవైపు వేలాడుతుంది. ఎడమచేతివారు ఆ సంగతి ముందే రాసివ్వాలి. బయానా, గడువు, రవాణా ఖర్చు కూడా కాగితం మీద ఉండాలి.

ఒర చేతికి రాగానే ఖడ్గాన్ని అందులో దోపి, కింద మెత్తని పరుపు ఉంచి, జాగ్రత్తగా తలకిందులు చేయండి. ఖడ్గం దానంతటదే జారకూడదు, మెల్లగా లాగితే మాత్రం రావాలి. వానాకాలంలో తోలు, చెక్క తేమను పీలుస్తాయి గనుక అలుగుకు నూనె రాసి, ఒరలో కాకుండా విడిగా భద్రపరచండి.