ఆట నడిపి డబ్బు తీసుకోవాలంటే

నేను ఆడించేది డంజన్స్ అండ్ డ్రాగన్స్: ఒకరు కథ నడుపుతుంటే, మిగతావాళ్లు అందులో పాత్రలై ఏం చేస్తారో చెప్పి, పాచికలు వేసి తేల్చుకునే ఆట. "ఆట ఆడించడానికి తలకి మూడొందలా?" విజయవాడ మొగల్రాజపురంలో నా మొదటి టేబుల్ (అంటే ఆడేవాళ్ల బృందం) దగ్గర ఒకబ్బాయి ముఖం మీదే అడిగేశాడు. అలాంటివాళ్లతో వాదించకండి. ఇరవై ముఖాల పాచిక చేతిలో పెట్టి, ఓ అరగంట ఊరికే ఆడించండి. నేను బ్యారేజీ దగ్గర దాక్కున్న దొంగల కథ ఎత్తుకున్నాను. "చీకట్లో, గేటు కింద నీళ్లలో గాజుల చప్పుడు... ఏం చేస్తావు?" అనగానే అతని చేతిలో సమోసా అక్కడే ఆగిపోయింది. డబ్బుల మాట ఆ తర్వాతే.

ఫీజు, టైము, రద్దయితే ఎంత వాపసు, అన్నీ ముందే వాట్సాప్‌లో పెట్టేయండి.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974 నుంచి ఉంది. దాని ప్రాథమిక నియమాలు 2023లో క్రియేటివ్ కామన్స్ కిందికి వచ్చాయి, ఉచితంగా దొరుకుతాయి. ఆ లింకు ఆడేవాళ్లకు పంపండి. మీ తప్పు పట్టుకుంటారా? పట్టుకోనివ్వండి. ఓసారి తెలియని రూలు తెలిసినట్టు దబాయించాను; ఆ బ్యాచ్ మళ్లీ రాలేదు. ఇప్పుడైతే "చూసి చెప్తానండీ" అంటాను.

మీరు వేసే పాచికలు ఆడేవాళ్లకు కనబడకుండా తెర చాటున వేయకండి (కాదనేవాళ్లూ ఉన్నారు లెండి). ఆరు ఆటలే నడిపితే ఆరనే చెప్పండి. ఆట అయ్యాక ఒకరినైనా వాయిస్ మెసేజ్ అడగండి. నాకు కొత్త టేబుళ్లు తెచ్చిపెట్టింది, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో హారన్ల మధ్య ఒకమ్మాయి పంపిన పదిహేను సెకన్ల మెసేజే.