చెక్క బోటులో నావ్‌టెక్స్ రిసీవర్ బిగించడం, మొరాయిస్తే సరిచేయడం ఎలా?

ఒడ్డు వదిలి కొన్ని మైళ్ళు వెళ్ళేసరికి సెల్‌ఫోన్ మూగబోతుంది. వీహెచ్‌ఎఫ్ సెట్టులో (బోట్ల మధ్య మాట్లాడుకునే రేడియో) ఎవరైనా చెబితే తప్ప వాతావరణం సంగతి తెలియదు. అందరూ వల లాగే పనిలో ఉంటే అదీ చెవిన పడదు. నావ్‌టెక్స్ రిసీవర్ ముందు ఎవరూ కూర్చోనక్కర్లేదు. 518 కిలోహెర్ట్జ్ మీద వచ్చే తుపాను హెచ్చరికలు, నౌకాయాన హెచ్చరికలు, గాలింపు సమాచారం అన్నిటినీ అదే అందుకుని తెర మీద అక్షరాలుగా దాచి పెడుతుంది. నెలవారీ చందా ఉండదు. ఒడ్డున ఉన్న ఒక్కో నావ్‌టెక్స్ స్టేషన్ సందేశాలు సుమారు 250 నాటికల్ మైళ్ళ దాకా అందుతాయి, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ.

మన తీరానికి దగ్గరి స్టేషన్ కాకినాడ పక్కనున్న వాకలపూడి. ప్రతి స్టేషన్‌కూ ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది, దీనిది క్యూ (Q). ఏ అక్షరానికి ఏ వేళ అన్నది ప్రపంచమంతటా ఒకే లెక్క: యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం, మన టైముకు ఐదున్నర గంటలు వెనక) అర్ధరాత్రి ‘ఏ’ (A) అక్షరంతో మొదలై ఒక్కో అక్షరానికి పది నిమిషాలు, మళ్ళీ నాలుగు గంటలకు అదే వరస. ఆ లెక్కన క్యూ వంతు మన టైములో ఉదయం 8:10, మధ్యాహ్నం 12:10, సాయంత్రం 4:10, రాత్రి 8:10, 12:10, తెల్లవారుజాము 4:10. దక్షిణాన పోర్టోనోవో (ఓ) వంతు దీనికి 20 నిమిషాల ముందు, ఉత్తరాన బాలాసోర్ (ఎస్) వంతు 20 నిమిషాల తర్వాత. ఈ టైములు కాగితం మీద రాసి సెట్టు పక్కన అంటించండి. రిపేరు చేసేటప్పుడు అన్నిటికంటే ముందు పనికొచ్చేది ఆ కాగితమే. జాబితాలో మార్పులు వస్తుంటాయి, సీజన్ మొదట్లో ఒకసారి సరిచూసుకోండి.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బోటు ఎలాగూ ఒడ్డునే ఉంటుంది కాబట్టి బిగించడానికి అదే తగిన సమయం.

ముందు యాంటెన్నా సంగతి

రెండు రకాలు దొరుకుతాయి. నిలువు కడ్డీలా ఉండేది ఈ-ఫీల్డ్. దీనికి మంచి ఎర్త్ కావాలి. ఇనప ఓడలో ఒళ్ళంతా ఎర్తే. చెక్క, ఫైబర్ బోట్లలో మాత్రం నీటిని తాకే కంచు పలక దాకానో, ఇంజిన్ దాకానో వెడల్పాటి రాగి పట్టీ లాగాలి. గుండ్రటి డబ్బాలా ఉండే హెచ్-ఫీల్డ్ రకం సిగ్నల్ పట్టడానికి ఎర్త్ అడగదు. చెక్క బోటుకు హెచ్-ఫీల్డే కొనండి. ఖరీదు కాస్త ఎక్కువైనా తర్వాతి తలనొప్పులు సగం తగ్గుతాయి.

ఎత్తులో పెట్టాలని బోటు స్తంభం కొనకు ఎక్కించనక్కర్లేదు. ఈ తరంగాలు నీటిని అంటుకుని వస్తాయి, వీహెచ్‌ఎఫ్‌కు కావలసినంత ఎత్తు దీనికి అవసరం లేదు. ఎత్తు కన్నా చుట్టూ ఖాళీ ఉండటం ముఖ్యం. క్యాబిన్ పైకప్పు మీద, వీహెచ్‌ఎఫ్ యాంటెన్నాకు కనీసం ఒక మీటరు దూరంలో, రాడార్ ఉంటే దాని కిరణానికి అడ్డురాని చోట బిగించండి. ఎల్ఈడీ ఫ్లడ్‌లైట్ల స్తంభం మీద మాత్రం వద్దు. అది ఎందుకో కింద వస్తుంది.

బిగించే క్రమం

1. యాంటెన్నాను స్టెయిన్‌లెస్ పైపు మీద నిటారుగా నిలిపి, స్టెయిన్‌లెస్ క్లాంపులతోనే బిగించండి. మామూలు ఇనప క్లాంపు ఒక్క సీజన్‌లో తుప్పు పట్టిపోతుంది.

2. కోయాక్స్ కేబుల్‌ను (యాంటెన్నా నుంచి సెట్టుకు వచ్చే, మధ్య తీగ చుట్టూ రాగి అల్లిక ఉండే వైరు) లోపలికి తెచ్చే ముందు రంధ్రం కన్నా కిందకు ఒక వంపు వదలండి. వాన నీరు కేబుల్ వెంట జారి ఆ వంపు దగ్గరే కారిపోతుంది. కేబుల్‌ను బ్యాటరీ వైర్లతో, ఇన్వర్టర్ వైర్లతో కలిపి కట్ట కట్టొద్దు. తప్పనిసరైతే వాటిని అడ్డంగా దాటించండి.

3. బయటి కనెక్టర్‌ను సోల్డర్ చేశాక, సాగదీసి చుడితే తనలో తానే అతుక్కుపోయే రబ్బరు టేపు రెండు పొరలు, దానిపై మామూలు పీవీసీ టేపు చుట్టండి. మామూలు టేపు ఒక్కటే ఉప్పుగాలికి ఆగదు.

4. కరెంటును స్టార్టింగ్ బ్యాటరీ నుంచి కాక లైట్లు, సెట్ల కోసం ఉన్న బ్యాటరీ నుంచి ఇవ్వండి. స్టార్టర్ తిరిగేటప్పుడు వోల్టేజీ పడిపోయి సెట్టు ఆగి మళ్ళీ మొదలవుతుంది, అప్పుడు వస్తున్న సందేశం పోతుంది. 2.5 చదరపు మి.మీ. వైరు, పాజిటివ్ మీద బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు వేయండి. ఫ్యూజు ఎన్ని ఆంపియర్లన్నది మాన్యువల్లో ఉన్నట్టే ఉండాలి. సెట్టు 12 వోల్టులదా, 24 వోల్టులు తట్టుకుంటుందా అన్నది వైరు తగిలించే ముందే చూడండి.

5. సెట్టును దిక్సూచికి దూరంగా, ఎండ పడని చోట, చుక్కాని పట్టుకున్నవారికి తెర కనిపించేలా పెట్టండి. జీపీఎస్ నుంచి డేటా వైర్లు ఇస్తే దగ్గరి స్టేషన్‌ను సెట్టే ఎంచుకుంటుంది.

6. మెనూలో స్టేషన్లు క్యూ, ఓ, ఎస్ ఎంచుకోండి. సందేశ రకాల్లో ‘ఏ’ (నౌకాయాన హెచ్చరిక), బీ (వాతావరణ హెచ్చరిక), డీ (గాలింపు, సముద్రదొంగల హెచ్చరిక), ఎల్ (అదనపు నౌకాయాన హెచ్చరికలు) ఎలాగూ ఆపలేరు. ‘ఈ’ రకం (E, వాతావరణ సూచన) మాత్రం ఆగిపోయి ఉంటే తెరవండి. సందేశాలు ఇంగ్లీషులోనే వస్తాయి. బోటులో చదవగలిగినవారు ఒకరన్నా ఉండాలి.

వేటకు బయలుదేరే ముందు కనీసం 12 గంటలు సెట్టు నడుస్తూ ఉండాలి. అప్పుడే అమల్లో ఉన్న హెచ్చరికలన్నీ ఒడ్డునే చేతికొస్తాయి.

సందేశం ఎలా ఉంటుంది

ప్రతి సందేశమూ జెడ్‌సీజెడ్‌సీతో మొదలై ఎన్ఎన్ఎన్ఎన్‌తో ముగుస్తుంది. మొదటి వరుసలో ‘క్యూబీ42’ ఉంటే: వాకలపూడి నుంచి, వాతావరణ హెచ్చరిక, 42వ సందేశం. నంబరు 00 అయితే అది అత్యవసరం, ఇదివరకు వచ్చినా మళ్ళీ చూపిస్తుంది. చదవలేకపోయిన అక్షరం చోట నక్షత్రం గుర్తు పడుతుంది. ఎన్ని నక్షత్రాలు పడుతున్నాయన్నదే మీ సెట్టు ఆరోగ్యానికి కొలత.

ఏమీ రాకపోతే

ముందు గడియారం చూడండి. వంతు రాకుండానే సెట్టు చెడిందనుకోవడం చాలా మామూలు. వంతు టైమున కూడా రాకపోతే మెనూలో సెల్ఫ్ టెస్ట్ నడపండి. అది బాగుందంటే అనుమానం యాంటెన్నా వైపే.

ఈ యాంటెన్నా లోపల చిన్న యాంప్లిఫైయరు ఉంటుంది. దానికి కరెంటు కోయాక్స్ గుండానే పోతుంది. యాంటెన్నా దగ్గర కనెక్టర్ విప్పి, మల్టీమీటరుతో మధ్య పిన్నుకూ బయటి రింగుకూ మధ్య డీసీ వోల్టేజీ కొలవండి. మాన్యువల్లో చెప్పినంత ఉంటే కేబుల్ మంచిదే. సున్నా వస్తే కేబుల్‌ను రెండు వైపులా విప్పి చూడండి: పిన్నుకూ రింగుకూ మధ్య అసలు కంటిన్యుటీ (కరెంటు పారే దారి) ఉండకూడదు. కనెక్టర్ లోపల టార్చి వేసి చూస్తే పచ్చ చిలుము కనబడితే దోషి దొరికినట్టే. చిలుము గీకి వదిలేయొద్దు. నీరు అల్లిక గుండా లోపలికి ఎక్కి ఉంటుంది. వైరు నల్లబడినంత మేర కోసి, మెరిసే రాగి కనబడిన చోట కొత్త కనెక్టర్ వేయండి. యాంటెన్నా మీద మాత్రం ఓమ్ మీటరు పెట్టి తీర్పు చెప్పకండి. లోపలి యాంప్లిఫైయరు వల్ల ఆ రీడింగుకు అర్థం ఉండదు.

మామూలు కోయాక్స్ స్ప్లిటర్ పెట్టి అదే యాంటెన్నాను వేరే రేడియోకు పంచినా ఆ డీసీ వోల్టేజీ ఆగిపోవచ్చు. ఒక సెట్టుకు ఒక యాంటెన్నా ఉంచండి.

నక్షత్రాలే నక్షత్రాలైతే

సిగ్నల్ వస్తోంది, బోటులోని రొద దాన్ని మింగేస్తోంది. ఎల్ఈడీ లైట్ల డ్రైవర్లు, ఇన్వర్టర్, ఫోన్ ఛార్జర్లు, 24 నుంచి 12 వోల్టులకు దించే కన్వర్టర్లు అన్నీ ఈ ఫ్రీక్వెన్సీ దగ్గరే గోల చేస్తాయి. పట్టుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. మీడియం వేవ్ ఉన్న పాత ట్రాన్సిస్టర్ చాలు. ముల్లును డయల్ అడుగున 530 దగ్గర, స్టేషన్ లేని చోట పెట్టి బోటంతా తిరగండి. బుర్రుమనే శబ్దం ఎక్కడ పెరిగితే అక్కడ వెతకండి. ఒక్కొక్క స్విచ్ ఆపుతూ రండి. ఇంజిన్ వేగం పెంచితే కీచు శబ్దం కూడా సన్నబడుతూ పైకి పోతుంటే అది ఆల్టర్నేటర్.

దొరికిన పరికరాన్ని దూరం జరపడం మొదటి మందు. కుదరకపోతే దాని వైరును పెద్ద ఫెర్రైట్ రింగు (రేడియో రొదను అణిచే నల్లటి అయస్కాంత పదార్థపు ఉంగరం) చుట్టూ 8 నుంచి 12 చుట్లు తిప్పండి. వైరు మీద ఒక్కసారి తొడిగే చిన్న క్లిప్పులు 518 దగ్గర పెద్దగా పనిచేయవు. ప్రభావం చుట్ల సంఖ్య వర్గం (స్క్వేర్) లెక్కన పెరుగుతుంది గనుక చుట్లు ముఖ్యం. కొనేటప్పుడు 31 లేదా 77 రకం మెటీరియల్ అని అడగండి. జెట్టీ దగ్గర మాత్రం తుది తీర్పు ఇవ్వకండి. పక్క బోట్ల ఇన్వర్టర్లు, ఒడ్డు కరెంటు లైన్లు కలిసి గోల చేస్తాయి. రెండు మూడు మైళ్ళు బయటకు వెళ్ళి, మీ లైట్లు ఆపి, ఒక వంతు చూసి తేల్చుకోండి. ఉరుములు మెరుపులున్న రోజు కొన్ని నక్షత్రాలు పడటం ఈ ఫ్రీక్వెన్సీకి సహజం. తర్వాతి వంతులో శుభ్రంగా వస్తే సెట్టును ముట్టుకోవద్దు.

మిగతా చిక్కులు

పగలు బాగుండి రాత్రి చెడితే: రాత్రి ఆకాశం నుంచి తిరిగొచ్చే తరంగాలతో దూరపు స్టేషన్లూ చేరి ఒకదానిపై ఒకటి పడతాయి. అక్కర్లేని అక్షరాలు ఆపేస్తే వాటి సందేశాలు తెరను నింపవు. అవి మన వంతు మీదే పడితే తర్వాతి వంతు దాకా ఆగడమే.

అదే సందేశం పదేపదే వస్తే: అక్షరాల్లో 4 శాతం కన్నా తక్కువ తప్పులున్నప్పుడే సెట్టు ఆ నంబరును గుర్తుంచుకుని మళ్ళీ చూపకుండా ఉంటుంది. పునరావృతం అంటే సిగ్నల్ బలహీనం అన్నమాట, పైన చెప్పిన యాంటెన్నా, రొద పరీక్షలు మళ్ళీ చేయండి. సిగ్నల్ బాగున్నా ప్రతి ఉదయం పాతవే వస్తుంటే రాత్రిపూట ఎవరో మెయిన్ స్విచ్ ఆపుతున్నారేమో చూడండి.

దగ్గరి స్టేషన్ కాక మరేదో ఎంచుకుంటే: జీపీఎస్ డేటా అందడం లేదు. ఆ రెండు వైర్లు తిరగబడ్డాయేమో చూసి, సరిచేసేదాకా స్టేషన్లను చేత్తో ఎంచుకోండి.