జ్యూక్‌బాక్స్ ఒక పాట అడిగితే ఇంకొకటి వేస్తోందా? విప్పే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

అనంతపురంలో ఆషాఢం గాలి మొదలైతే తలుపులు ఎంత బిగించినా ఇంట్లో ప్రతి వస్తువు మీదా సన్నని ఎర్రమన్ను పేరుకుంటుంది. పాత జ్యూక్‌బాక్స్ (మీటలు నొక్కి ఎంచుకున్న పాట రికార్డును తానే తీసి వినిపించే యంత్రం) ఉన్నవారికి ఇది గడ్డుకాలం. ఒక పాట అడిగితే మరొకటి వేయడం, రికార్డుల బండి (అడిగిన రికార్డు దగ్గర ఆగి దాన్ని తీసే భాగం) ఎక్కడా ఆగకుండా అటూ ఇటూ తిరుగుతూనే ఉండడం వంటి లోపాలు ఎక్కువగా ఈ రోజుల్లోనే బయటపడతాయి. అందువల్ల మే నెల ముగిసేలోపే యంత్రాన్ని ఒకసారి చూసుకోవడం మంచిది. అయితే ఈ యంత్రాలకు మన్ను చేసిన హాని కంటే తొందరపడిన చేతులు చేసిన హానే ఎక్కువని వీటిని బాగుచేస్తూ వచ్చిన అనుభవంతో చెబుతున్నాను. స్క్రూడ్రైవరు కంటే ముందు నోటుపుస్తకం పట్టుకోవాలి.

ఈ యంత్రాల్లో సాధారణంగా ఒక అక్షరపు మీటను, ఒక అంకె మీటను నొక్కి పాటను ఎంచుతారు. వరుసగా ఒక్కొక్క పాటనూ ఎంచి, అడిగినది ఒక గడిలో, వచ్చినది పక్క గడిలో రాసుకోండి. ఒక అక్షరానికి చెందిన పాటలు మాత్రమే పలకకపోతే ఆ అక్షరపు మీట కింది కాంటాక్టునో, దాని తీగనో అనుమానించాలి. అక్షరం ఏదైనా ఒకే అంకె దగ్గర తప్పుతుంటే ఆ అంకె మీటను చూడాలి. ఎప్పుడూ పక్క రికార్డే వస్తుంటే మీటల్లో లోపం లేదని, బండి ఆగవలసిన చోటు కాస్త జరిగిందని అర్థం. ఒకే ఒక్క పాట పలకకపోతే దాని ఎంపికను గుర్తుంచుకునే పిన్నునో, ఆ పిన్నును కదిలించే కాయిలునో (తీగచుట్ట) చూస్తే చాలు. తప్పు ప్రతిసారీ మారుతుంటే మురికి పట్టిన కాంటాక్టులు గాని, గట్టిపడిన గ్రీజు గాని కారణం కావచ్చు. తాడిపత్రిలో ఒక ఇంట ఎవరో ఒక్క పాటను సరిచేయబోయి బండి ఆగే చోటును కదిపారు. ఆ పాట కుదిరింది కానీ మిగిలినవన్నీ ఒక్కో స్థానం తప్పాయి. దాన్ని మొదటి స్థితికి తేవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఇక ప్రాణానికి సంబంధించిన జాగ్రత్త. వాల్వులు (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాలు) ఉన్న యంత్రాల్లో ప్లగ్గు తీసిన తరువాత కూడా కరెంటును నిల్వ ఉంచే కెపాసిటర్లలో రెండు మూడు వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. స్క్రూడ్రైవరుతో షార్ట్ చేసి నిప్పురవ్వ చూసే అలవాటు మానండి. 10 కిలో ఓముల, 10 వాట్ల రెసిస్టరుకు ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు తగిలించి, వాటితో ఖాళీ చేసి, మీటరు సున్నా చూపిన తరువాతే చెయ్యి పెట్టాలి. ఫ్యూజు పోతే అదే విలువ గలది వేయాలి తప్ప పెద్దది వేయకూడదు. ఇరుక్కున్న సోలెనాయిడ్ (కరెంటుతో లోపలి కడ్డీని లాగే భాగం) కాయిలు కాలిపోకుండా కాపాడేది ఆ ఫ్యూజే.

అమెరికాలో తయారైన యంత్రాలు సాధారణంగా 117 వోల్టులు, 60 హెర్ట్జ్ కరెంటుకు చేసినవి. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజీని తగ్గిస్తుంది కానీ హెర్ట్జ్‌ను, అంటే కరెంటు సెకనుకు ఎన్ని ఆవృతాలు తిరుగుతుందన్న లెక్కను, మార్చదు. మోటారు వేగం ఆ హెర్ట్జ్‌ను బట్టే ఉంటుంది. కనుక నిమిషానికి 45 చుట్లు తిరగవలసిన రికార్డు 37.5 చుట్లే తిరుగుతుంది, పాట సాగదీసినట్లు వినిపిస్తుంది. మోటారు పుల్లీ వ్యాసం ఆ మేరకు, అంటే 1.2 రెట్లు, పెంచితే వేగం సరిపోతుంది. యంత్రం లోపలి ట్రాన్స్‌ఫార్మరు మాత్రం 50 హెర్ట్జ్ మీద ఎక్కువగా వేడెక్కుతుంది. 42 డిగ్రీలు దాటిన కర్నూలు ఎండల్లో మధ్యాహ్నం పూట గంటల తరబడి నడపవద్దని నా సలహా.

జ్యూక్‌బాక్సులు తయారుచేసిన అమెరికా సంస్థ సీబర్గ్ 1948లో 50 రికార్డుల రెండు వైపులా కలిపి 100 పాటలు ఎంచుకునే యంత్రాన్ని తెచ్చింది. 1955లో వచ్చిన 200 పాటల యంత్రంలో ఎంపికను గుర్తుంచుకునే పని సన్నని తీగలు దూర్చిన ఫెర్రైట్ (ఒక అయస్కాంత పదార్థం) ఉంగరాలు చేస్తాయి. ఈ ఉంగరాలున్న పెట్టెను, మీటరును ఓముల (నిరోధం కొలిచే) స్థానంలో పెట్టి ఎన్నడూ కొలవకండి. మీటరు పంపే కరెంటు ఆ అయస్కాంత స్థితిని చెదరగొట్టవచ్చు.

ఉంగరాలకు బదులు పిన్నులతో ఎంపికను గుర్తుంచుకునే యంత్రాల్లో అసలు శత్రువు గ్రీజు. దశాబ్దాల నాటి గ్రీజు బంకగా మారుతుంది, దాని మీద మన మన్ను పడితే ముద్ద కడుతుంది. వేలితో నొక్కి వదిలిన పిన్ను టక్కున వెనక్కి రాకుండా, తీగపాకంలోంచి వస్తున్నట్లు మెల్లగా లేస్తే లోపం అక్కడే ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన దూదిపుల్లతో ఒక్కొక్క పిన్నునూ తుడవండి. మొదట పుల్ల ఎర్రగా, తరువాత గోధుమరంగులో, చివరికి తెల్లగానే వచ్చేవరకు తుడవాలి. కాంటాక్టులకు గరుకు కాగితం వాడితే వెండిపూత పోతుంది, కనుక ఆల్కహాలు తడి చేసిన గట్టి అట్టముక్కను వాటి మధ్య లాగితే చాలు. తుప్పు వదిలించే స్ప్రేను ఎంపిక యంత్రం మీద కొట్టకూడదు. ఆ నూనెపొర మళ్లీ మన్నును పట్టుకుంటుంది.

బిగించాక ప్రతి పాటనూ రెండుసార్లు ఎంచి నోటుపుస్తకంలోని పాత గడులతో పోల్చండి. ఈ పరీక్షకు పోయినా బాధలేని రికార్డులనే పెట్టండి, ఎందుకంటే బండి తప్పితే సూది గీసేది వాటినే. గాలి తగ్గేవరకు పెట్టె మీద ప్లాస్టిక్ కాకుండా నూలు దుప్పటి కప్పి, స్విచ్చి వేసే ముందు దాన్ని తప్పక తీయండి.