‘పుట్ ఆఫ్’ నా నోటికి ఎలా అలవాటైందంటే

‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడమని తెలుసు. ఆఫీసు కాల్‌లో నా వంతు వచ్చేసరికి మాత్రం నోరు ‘పోస్ట్‌పోన్’ దగ్గరే ఆగిపోయేది. అందుకే పుస్తకంలో వాక్యాలు పక్కన పెట్టి, ఇంటి సంగతులే పట్టుకున్నాను. పొద్దున మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రాయదుర్గం రైలు మారేదాకా మనసులో ఇదే పని. ‘వి పుట్ ఆఫ్ ది హౌస్‌వార్మింగ్.’ ఆషాఢం కదా, గృహప్రవేశం నిజంగానే శ్రావణానికి జరిపాం.

అసలు చిక్కంతా ‘ఇట్’తోనే. ‘పుట్ ఆఫ్ ది మీటింగ్’ అన్నా, ‘పుట్ ది మీటింగ్ ఆఫ్’ అన్నా సరే. ‘ఇట్’, ‘దెమ్’ లాంటివి వస్తే మాత్రం మధ్యలోనే పెట్టాలి: ‘పుట్ ఇట్ ఆఫ్’. ‘పుట్ ఆఫ్ ఇట్’ కుదరదు. వెనకాల క్రియ వస్తే ‘టు గో’ కాదు, ‘గోయింగ్’. ‘ఐ కీప్ పుటింగ్ ఆఫ్ గోయింగ్ టు ది డెంటిస్ట్.’ దీనికి ప్రాక్టీసే అక్కర్లేదు, పన్ను నొప్పే గుర్తు చేస్తోంది.

‘కాల్ ఆఫ్’ వేరు, అది రద్దు. వాన వల్ల ఉప్పల్‌లో మ్యాచ్ ‘కాల్డ్ ఆఫ్’ అంటే ఇక ఇంటికి వెళ్లిపోవడమే.

‘ది స్మెల్ పుట్ మీ ఆఫ్’ అంటే ఆ వాసనకి తినబుద్ధి కాలేదని. మా వీధి మిర్చి బజ్జీల బండి దగ్గర మాడిన నూనె వాసన రాగానే ఇదే అనుకుంటాను.

మొన్న కాల్‌లో ‘కెన్ వి పుట్ ఇట్ ఆఫ్ టిల్ మండే?’ అని టెన్షన్ లేకుండా అనేశాను. టీమ్ లీడ్ ఒప్పుకోలేదు, శుక్రవారమే కావాలంది.