మన క్రోమ్‌లో బాగుంది, వాళ్ల ఐఫోన్‌లో చెదిరింది: సమస్య - పరిష్కారం

సమస్య: మీ లాప్‌టాప్‌లో పేజీ ముచ్చటగా ఉంది. క్లయింటు మాత్రం పాత ఐఫోన్ 6లో తెరిచి స్క్రీన్‌షాట్ పంపాడు. బటన్ల మధ్య సందే లేదు, అన్నీ అతుక్కుపోయాయి. పైగా "నేనూ క్రోమ్‌లోనే చూశానండీ" అంటాడు.

కారణం: ఐఫోన్‌లో పేరుకే అది క్రోమ్. లోపల పేజీని గీసేది యాపిల్ వాళ్ల వెబ్‌కిట్ ఇంజినే, వాళ్ల సఫారీ బ్రౌజర్‌లో ఉండేదే. 2024 నుంచి యూరోపియన్ యూనియన్‌లో వేరే ఇంజిన్లకు అనుమతి ఉంది, అది మనకు వర్తించదు. వెబ్‌కిట్ ఐఓఎస్‌తో పాటే అప్‌డేట్ అవుతుంది, ఐఫోన్ 6 ఏమో ఐఓఎస్ 12 దగ్గరే ఆగిపోయింది. మనం ఆ బటన్లను ఫ్లెక్స్‌బాక్స్‌తో (పేజీ రూపం చెప్పే సీఎస్‌ఎస్ భాషలో వస్తువులను వరసగా పేర్చే పద్ధతి) పేర్చి, మధ్య సందును గ్యాప్‌తో పెట్టాం. ఫ్లెక్స్‌బాక్స్‌లో ఈ గ్యాప్ ఫైర్‌ఫాక్స్‌కు 2018లో, క్రోమ్‌కు 2020లో వస్తే, సఫారీకి వచ్చింది 2021 ఏప్రిల్‌లో.

స్టాండర్డ్ ఒకటే అయినప్పుడు ఇన్నేళ్ల తేడా ఏమిటి? స్టాండర్డ్ రాసేవాళ్లకు బ్రౌజర్ల మీద పెత్తనం లేదు మరి. సీఎస్‌ఎస్‌ను డబ్ల్యూ3సీ అనే వెబ్ ప్రమాణాల సంస్థ చూసుకుంటుంది. హెచ్‌టీఎమ్‌ఎల్ సంగతి, ఇద్దరి మధ్య 2019లో కుదిరిన ఒప్పందం తర్వాత, వాట్‌డబ్ల్యూజీది. ఇది 2004లో యాపిల్, మొజిల్లా, ఒపెరా వాళ్లు మొదలుపెట్టిన గ్రూపు. ఇక్కడ కొత్తది చేర్చాలంటే కనీసం రెండు ఇంజిన్ల వాళ్లు సరేననాలి, టెస్టులూ ఉండాలి. సరేనన్నాక ఎప్పుడు పెడతారన్నది ఎవరి వీలు వాళ్లది.

పరిష్కారం: సీఎస్‌ఎస్‌లో @సపోర్ట్స్ అని ఒకటుంది, ఫలానాది నీకు వచ్చా అని బ్రౌజర్‌ను అడగడానికి. దాంతో అడిగితే సరిపోతుందనుకుంటాం. నేనూ అలాగే అనుకుని ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. ఆ పాత సఫారీకి గ్రిడ్‌లో (అడ్డం, నిలువు గడులుగా పేర్చే పద్ధతి) గ్యాప్ వచ్చు. అందుకని "నీకు గ్యాప్ వచ్చా?" అంటే నిజాయితీగానే "వచ్చు" అంటుంది. "ఫ్లెక్స్‌లో వచ్చా?" అని విడిగా అడిగే దారి సీఎస్‌ఎస్‌లో లేదు. ఆ వరసను గ్రిడ్‌కు మార్చేయండి, లేదా పాత పద్ధతిలో మార్జిన్ పెట్టండి.

ఇకపై ఏదైనా కొత్తది వాడేముందు ఎమ్‌డీఎన్ అనే వెబ్ రిఫరెన్స్ సైట్‌లో బేస్‌లైన్ గుర్తు చూడండి, అది ఏ బ్రౌజర్లకు వచ్చిందో చెబుతుంది. "న్యూలీ" అంటే ప్రధాన బ్రౌజర్లన్నిటికీ ఈమధ్యే వచ్చింది. "వైడ్లీ" అంటే అలా వచ్చి 30 నెలలు దాటింది. పాత ఫోన్లవాళ్లు ఎక్కువ వచ్చే సైటైతే నేను వైడ్లీ దాటి పోను.

సమస్య: ఏ బ్రౌజర్‌లో చూసినా బాక్సుల కొలతలు వింతగా ఉన్నాయి.

కారణం, పరిష్కారం: బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోని కన్సోల్‌లో డాక్యుమెంట్.కంపాట్‌మోడ్ విలువ చూడండి. "బ్యాక్‌కంపాట్" అని వస్తే పేజీ క్విర్క్స్ మోడ్‌లో ఉంది, అంటే బ్రౌజర్ దాన్ని 1990ల నాటి పేజీ అనుకుంటోంది. మొదటి లైన్‌లో డాక్‌టైప్ (<!DOCTYPE html>) పెట్టండి. ముందే ఉందా? అయితే వ్యూ సోర్స్ తెరిచి దాని పైన చూడండి. పీహెచ్‌పీ వార్నింగ్ ఒక్కటి అక్కడ ప్రింటైనా ఇదే గతి.